నడుందాకా మునిగిన అమ్మమ్మ

పాస్టరుగారు గొంతు తగ్గించారంటే అమ్మమ్మ లేచి నిలబడేది.

ప్రసంగం మొదట్లో బుద్ధిగానే కూర్చునేది. కథలంటే ఆమెకు ఇష్టం. కథలో ఎవరికైనా చీవాట్లు పడుతుంటే మరీ ఇష్టం, పక్కావిడని మోచేత్తో పొడిచి మరీ వినేది. కానీ చివరికొచ్చేసరికి పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి, "దేవుడు మిమ్మల్ని పిలుస్తున్నాడు" అని మెత్తగా అందుకోగానే ఆమె కుర్చీలో ముళ్ళు మొలిచేవి. వెనక గదిలో ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టు వినిపించేది, బిడ్డలంతా నోట్లో వేళ్ళు పెట్టుకుని నిద్రపోతున్నా సరే. కిటికీ రెక్క కొట్టుకుంటున్నట్టు అనిపించేది, బయట ఆకు కదలకపోయినా సరే. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ వంగి, మునివేళ్ళ మీద నడుస్తూ, వరసలో ఉన్నవాళ్ళందరి కాళ్ళూ తొక్కుకుంటూ బయటపడేది. పిలుపు అయిపోయి ఆఖరి పాట మొదలయ్యాక తిరిగొచ్చి, అందరికంటే గట్టిగా పాడేది.

మందిరంలో పిల్లలు ఆమెకు తూనీగ అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళు వాళ్ళని కసిరేవారు. "తప్పు! ఆవిడ ఈ సంఘానికి తల్లిలాంటిది. మీ అమ్మానాన్నలకి బాప్తిస్మపు అంగీలు కుట్టింది ఆవిడే, నీళ్ళలోకి చెయ్యిపట్టి దింపింది కూడా ఆవిడే" అనేవారు.

అది నిజమే. నిజంలో ఒక చిన్న ముక్క తగ్గింది, అంతే. అంతమందిని నీళ్ళలోకి దింపిన అమ్మమ్మ తను మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు. ఈ సంగతి ఆమెకూ దేవుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. వాళ్ళిద్దరూ కూడా దాని గురించి మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది.

అమ్మమ్మది కుట్టుపని. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన మిషను, మిషను పక్కన బల్ల, బల్ల కింద ఎప్పటికీ ఊడ్చని గుడ్డపేలికలు. పరదాలు కుట్టేది, గౌన్లు కుట్టేది, చొక్కాలకి కాలర్లు తిరగేసేది. పనిలో వంక పెట్టడానికి ఉండదు. మాట మీద నిలబడడంలోనే ఉంది తంటా అంతా. ఎవరు వచ్చి అడిగినా "రేపు రండి, అయిపోతుంది" అనేది. రేపు వస్తే "ఒక్క కాజాలే మిగిలాయి" అనేది. పెళ్ళి జాకెట్టుకి కాజాలన్నీ కుట్టి ఇస్త్రీకి పంపేనాటికి పెళ్ళికూతురికి కాన్పు కూడా అయిపోయిందని అమ్మమ్మ కూతురు వెక్కిరిస్తుండేది.

ఇక సొంత బట్టల సంగతైతే మరీ ఘోరం. తనకోసం కొనుక్కున్న బట్ట ముక్కలు పెట్టెలో పేరుకుపోయాయి. తీసి బల్ల మీద పరిచేది, సుద్దముక్కతో గీతలు గీసేది, చెరిపేసేది, మళ్ళీ గీసేది. కత్తెర మాత్రం పెట్టేది కాదు. ఊళ్ళోవాళ్ళ బట్ట మీద కళ్ళు మూసుకుని కత్తెర నడిపే మనిషికి తన బట్ట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడేది కాదు. "గీత అయితే చెరుపుకోవచ్చు. కత్తెర పడిందా, ఇక అంతే" అని మడిచి లోపల పెట్టేసేది.

బాప్తిస్మం విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది.

ఆ మందిరంలో పెద్దవాళ్ళకే బాప్తిస్మం ఇస్తారు. వేదిక మీద చెక్కలు తీస్తే కింద తొట్టి ఉంటుంది, దాంట్లో నడుం లోతు నీళ్ళు. తెల్ల అంగీ తొడుక్కుని మెట్లు దిగాలి. ప్రభువుని నమ్ముతున్నావా అని పాస్టరుగారు అడుగుతారు. నమ్ముతున్నానని అందరూ వినేలా చెప్పాలి. అప్పుడాయన తలదాకా ముంచి లేపుతారు. అమ్మమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మొదటిసారి అది చూసింది. చూసి, ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని తినలేకపోయింది. ఎవరో తనని పేరు పెట్టి పిలిచినట్టు అనిపించింది. మర్నాడే వెళ్ళి అప్పటి ముసలి పాస్టరుగారిని కలిసింది. ఆయన సంతోషించి, "వచ్చేనెల నువ్వూ దిగుతావా అమ్మాయ్?" అన్నారు.

"దిగుతానండీ. కానీ అంగీలు చిరిగిపోయి ఉన్నాయి కదా. ఈసారికి అవి కుట్టిపెడతాను. వచ్చేసారి నేను" అంది అమ్మమ్మ.

ఎంత వినయం అనుకున్నారాయన.

వచ్చేసారి వచ్చింది. అంగీలు నీళ్ళ మీద గొడుగుల్లా తేలుతున్నాయని తెలిసింది. వాటి సంగతి తేల్చాక దిగుతానంది. అంచు మడతలో ఇనుప వాషర్లు పెట్టి కుట్టింది. రెండో వాడకానికే తుప్పు మరకలు పడి, అంగీలు తొడుక్కున్నవాళ్ళు యుద్ధంలోంచి వచ్చినట్టు కనిపించారు. అవన్నీ పీకి, గాలానికి కట్టే సీసపు గుండ్లు పెట్టి కుట్టింది. ఆ తర్వాత ఒకావిడ మెట్టు మీద జారింది. అప్పటినుంచి ఆడవాళ్ళ చెయ్యి పట్టుకోవడానికి అమ్మమ్మని నీళ్ళలో నిలబడమన్నారు. నిలబడింది. భయంతో మాట రానివాళ్ళ చెవిలో "నమ్ముతున్నానని చెప్పు" అని అందించేది కూడా ఆమే. ప్రతిసారీ తొట్టిలోంచి తడిసి బయటికి వచ్చినవాళ్ళలో అమ్మమ్మ ఉండేది. తడిసిన మనిషిని పట్టుకుని నువ్వు తడిశావా అని ఎవరు అడుగుతారు?

ముసలి పాస్టరుగారు పోయారు. తర్వాత వచ్చినాయన ఆమెని నీళ్ళలో చూసి, ఈవిడ పాత విశ్వాసి అనుకున్నారు. ఆ తర్వాతాయనకి కొత్తగా అనుకోవాల్సిన పని కూడా లేకపోయింది. తాతయ్య బతికున్నన్నాళ్ళూ ఆయన ఒప్పుకోరని అమ్మమ్మ తనకు తాను చెప్పుకుంది. ఆయన్ని ఒక్కనాడూ అడిగింది లేదు. ఆయన పోయాక ఆ సాకు కూడా పోయింది. అప్పటికి అసలు సంగతి చెప్పాలంటే సిగ్గు మొదలైంది. ప్రభువు బల్ల ఉన్న ఆదివారాల్లో, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే తినాల్సిన రొట్టె పళ్ళెం తన వరస దాకా రాకముందే చంటిపిల్లల గదిలో తేలేది. "పిల్లతల్లులు బల్ల తీసుకోవాలని ఆవిడ మానుకుంటుంది, ఎంత త్యాగం!" అనుకునేవారు జనం. ఆ మాట చెవిన పడినప్పుడల్లా అమ్మమ్మకి ఒళ్ళంతా గుండుసూదులు గుచ్చినట్టుండేది.

ఇలా ఎన్నాళ్ళు నడిచేదో గానీ, మధ్యలో ఇస్త్రీ తమ్ముడు వచ్చి చెడగొట్టాడు.

ఇస్త్రీ తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు. ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషి. అమ్మమ్మ కంటే రెండేళ్ళు చిన్న. ఆమె కుట్టినవన్నీ అతని పెట్టె కిందికే వెళ్ళేవి, వాళ్ళిద్దరి పోట్లాటలేమో వీధంతటికీ వినిపించేవి. వీధిలో అరిచి అరిచి అతనికి మెల్లగా మాట్లాడడం చేతకాదు, రహస్యం చెప్పినా రెండిళ్ళ అవతల సమాధానం వచ్చేది. మందిరానికి ఎన్నడూ రాలేదు. "ఆదివారమే కదక్కా అందరికీ చలువబట్టలు కావాలి. మీరంతా మడత నలగకుండా దేవుడి దగ్గరికి వెళ్ళాలంటే నేను బయటే ఉండాలి" అనేవాడు.

ఆ ఆదివారం అతను మందిరం పరదాలు ఇస్త్రీ చేసి తెచ్చాడు. లోపల ప్రసంగం నడుస్తోంది. పరదాలు చేతుల మీద వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

కొత్త పాస్టరుగారు వయసులో చిన్నాయన. విందు కథ చెబుతున్నారు. ఒకాయన పెద్ద విందు చేసి అందర్నీ పిలిచాడు. తీరా అన్నీ సిద్ధమై రమ్మని మనిషిని పంపితే, పొలం కొన్నాను చూడాలి అన్నాడొకడు. ఎద్దుల్ని కొన్నాను తోలి చూడాలి అన్నాడు ఇంకొకడు. కొత్తగా పెళ్ళయింది, నేనెక్కడ వస్తాను అన్నాడు మూడోవాడు. అమ్మమ్మ కిసుక్కున నవ్వి పక్కావిడని పొడిచింది. "చూడకుండానే పొలం కొన్నాడట. మొహం చూడు!"

"వీళ్ళలో ఒక్కడైనా నేను రాను అన్నాడా?" అన్నారు పాస్టరుగారు. "అనలేదు. అందరూ మర్యాదస్తులే. అందరికీ పని ఉంది. కానీ ఆ పూట ఖాళీగా ఉన్న కుర్చీలు వాళ్ళవే."

అమ్మమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. అంతలో ఆయన కళ్ళద్దాలు తీశారు. ఆమెకి కిటికీ రెక్క చప్పుడు వినిపించింది.

"అందుకే ఆ పెద్దమనిషి వీధుల్లోకి మనిషిని పంపాడు. ఎవరు కనిపిస్తే వాళ్ళని తీసుకురమ్మన్నాడు. ఇవాళ ఆ పిలుపు వినిపించినవాళ్ళు..."

వంగి మునివేళ్ళ మీద గుమ్మం దాకా వచ్చిన అమ్మమ్మ చేతుల్లోకి ధబీమని పరదాలు వచ్చి పడ్డాయి.

"కాస్త పట్టుకో అక్కా" అన్నాడు ఇస్త్రీ తమ్ముడు. ఆ మాట మందిరమంతా వింది. ఆమె బయటికి వెళ్ళే దారిలోనే అతను లోపలికి నడుచుకుంటూ వేదిక దాకా వెళ్ళి, పాస్టరుగారి ముందు నిలబడి, "పిలిచారు కదండీ, వచ్చాను" అన్నాడు.

ఆ పూట ఆఖరి పాట అమ్మమ్మ పాడలేదు. పరదాలు మోసుకుంటూ నిలబడిపోయింది.

మర్నాడు అతను కొలతలు ఇవ్వడానికి వచ్చాడు. వచ్చే ఆదివారమే బాప్తిస్మం. ఉన్న అంగీలు ఏవీ అతని పొట్టకి చాలవు.

"చేతులు చాపు."

"ఎందుకు, ఎగరేస్తావా?"

"నోరు మూసుకుని చాపు. ఏం తిని పెంచావురా ఈ పొట్ట, నా టేపు చాలట్లేదు."

"కాస్త వదులుగా కుట్టక్కా. లోపలికి నీళ్ళు వెళ్ళాలి కదా."

అమ్మమ్మ ఊరుకోలేకపోయింది. "ఒక్కసారి వింటే సరిపోయిందట్రా నీకు? వెనకా ముందూ చూసుకోవా? ఇంట్లో చెప్పావా? అసలు నీకేం తెలుసని వెళ్ళి నిలబడ్డావు?"

"ఏమీ తెలియదు. వీధిలోవాళ్ళని పిలుచుకురమ్మన్నాడని చెప్పారు. నేను వీధిలోవాడినే కదా. నన్నే అనుకున్నాను." చాపిన చేతులు దించి అడిగాడు, "ఎన్నిసార్లు వినాలి అక్కా మామూలుగా?"

అమ్మమ్మ అప్పుడే నోట్లో గుండుసూదులు పెట్టుకుంది. అవి ఉండడం మంచిదైంది.

ఆ వారమంతా ఆమె పనికి ఒక తీరూ తెన్నూ లేదు. ఆ అంగీకి చేతులు అటుది ఇటు పెట్టి కుట్టింది. పీకింది. మెడ బిగుతైంది. పీకింది. మధ్యలో లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళి తాగకుండా తిరిగొచ్చేది. కత్తెర ఎక్కడ పెట్టిందో తెలియక ఇల్లంతా వెతికేది, అది మెడలోనే తాడుకి వేలాడుతుండేది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేసి ఎదురుగా బండి వైపు చూసేది. అతనక్కడ ఏదో పాట తప్పుగా పాడుకుంటూ ఇస్త్రీ చేస్తుంటే ఆమెకి ఒళ్ళు మండేది. ఇన్నేళ్ళు నీళ్ళలో నానింది తను. చర్మం ముడతలు పడింది తనకి. వాడు చేతిలో బట్టలు తన మీద పడేసి వెళ్ళిపోయాడు. అంత సులువా? అంత సులువే అయితే మరి తను ఇన్నేళ్ళూ ఏం చేసినట్టు?

"ఏంటమ్మా, ఆ అంగీ మీద పగబట్టావా?" అంది కూతురు. "ఎవరి మీదో కోపం దాని మీద తీర్చుకుంటున్నావు."

"ఎవరి మీదా లేదు. దారం నాసిరకం."

దారం బాగానే ఉంది.

వారం మధ్యలో అమ్మమ్మ మందిరానికి వెళ్ళింది. కొత్త పాస్టరుగారు నిచ్చెనెక్కి లైటు బిగిస్తున్నారు. "సమయానికి వచ్చారమ్మా, కాస్త నిచ్చెన పట్టుకోండి" అన్నారు. పట్టుకుంది. ఆయన ముఖం పైకప్పు వైపు ఉండడం ఆమెకి ధైర్యమిచ్చింది.

"అయ్యగారూ, ఒక మనిషి అందరికీ వడ్డిస్తూ, తను తినకపోతే?"

"ఉపవాసమా?"

"కాదు. తినడం మర్చిపోయినట్టు నటిస్తే."

"ఎవరమ్మా?"

"నేనే. నేను బాప్తిస్మం తీసుకోలేదు."

పైనుంచి ఒక మర జారి ఆమె నెత్తిన పడింది. తర్వాత పాస్టరుగారు దిగారు. ఆదివారం నాడు సంఘంలోని పాత విశ్వాసిగా అమ్మమ్మ చేతే కొత్తవాళ్ళకి రెండు మాటలు చెప్పించాలని అనుకున్నారు పాపం.

"ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదా?"

"ఎవరూ అడగలేదు. నేను అబద్ధం ఆడలేదండీ. చెప్పలేదంతే."

ఆయన మంచి మనసుతోనే ఒక దారి చెప్పారు. "గురువారం రండమ్మా. తలుపులు వేసుకుందాం. నేనూ, మా ఆవిడా, మీరూ. దేవుడు చూస్తే చాలు కదా. మిమ్మల్ని నలుగురిలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు."

అమ్మమ్మకి ఎంత తేలికైందంటే, ఇంటికి వచ్చే దారిలో ఎదురైన వాళ్ళందరినీ పలకరించింది. ఆ సాయంత్రమే ఇస్త్రీ తమ్ముడి అంగీ పూర్తి చేసేసింది.

గురువారం వచ్చింది. తెల్లారి లేచేసరికి ఎవరో పరదాల కొలతలకి రమ్మన్న సంగతి గుర్తొచ్చింది. వాళ్ళు తొందరేం లేదనే అన్నారు. అయినా కూతురి చేత కబురు పంపింది, పని పడింది, తర్వాత చూద్దామని. ఏం పనో, ఏం చూడాలో కూతురికి తెలియదు. వెళ్ళి, చెప్పి, తిరిగొచ్చి అంది:

"పాస్టరుగారు పర్వాలేదన్నారు. తొట్టి ఎలాగూ నింపేశాను, ఆదివారానికి పనికొస్తుందిలే అన్నారు. పొద్దుటినుంచీ బకెట్లతో ఆయనే మోశారట, పంపు చెడిపోయిందట. చేతులు చూస్తే బొబ్బలు. ఇంతకీ గురువారం నాడు తొట్టి ఎందుకమ్మా?"

అమ్మమ్మ కొలతలకి వెళ్ళనే లేదు. మిషను ముందు కూర్చుంది. లేచింది. కూర్చుంది. నింపి పెట్టిన నీళ్ళు ఆమె కళ్ళ ముందునుంచి కదలలేదు.

ఆదివారం మందిరం నిండిపోయింది. ఇస్త్రీ తమ్ముడు మునుగుతాడంటే చూడ్డానికి వీధంతా వచ్చింది. అతను తోమిన గిన్నెలా మెరుస్తూ, కొత్త అంగీలో మెట్ల దగ్గరికి వచ్చాడు. అంగీ అతి చక్కగా కుదిరింది. అమ్మమ్మ ఎప్పటిలాగే పాత గౌనుతో నీళ్ళలో నిలబడి ఉంది. ఇద్దరు ఆడపిల్లలు ముందుగా దిగి, మునిగి, వెళ్ళారు. తర్వాత ఇతని వంతు.

మొదటి మెట్టు దిగాడు. రెండోది దిగాడు. అక్కడ ఆగిపోయాడు. జీవితమంతా నిప్పుతో పని చేసిన మనిషి. నీళ్ళంటే భయమని అతనికే అప్పుడు తెలిసినట్టుంది. చెయ్యి చాపి అమ్మమ్మ మణికట్టు దొరకబుచ్చుకుని, ఆమెకి మాత్రమే వినపడాలని, తన పద్ధతిలో అడిగాడు:

"అక్కా! నువ్వు మునిగినప్పుడు కూడా ఇలాగే భయమేసిందా?"

ఆ గొంతు పైకప్పుకి తగిలి వెనక్కి వచ్చింది. అందరూ ముందుకు వంగారు. ఆవిడ ఏదో నాలుగు మంచి మాటలు చెబుతుందని చూస్తున్నారు. పాస్టరుగారు మాత్రం నీళ్ళలోకి చూస్తున్నారు. ఆయన ఆదుకోవాలనే చూశారు. "ధైర్యంగా రా తమ్ముడూ..." అని మొదలుపెట్టారు.

అమ్మమ్మకి ఒక మాట చాలు. లేదురా అన్నా చాలు. వేసిందిరా, అయినా ఏం కాదు అన్నా చాలు. ఆ మనిషి దిగిపోతాడు, పాట మొదలవుతుంది, తను మళ్ళీ తడిసినవాళ్ళలో కలిసిపోతుంది. అతని చెయ్యి వణకడం ఆమెకి తెలుస్తోంది. ఈ వణికే చేతికి అబద్ధం చెప్పి నీళ్ళలోకి దింపడం ఎలాగో ఆమెకి తోచలేదు.

"నేను మునగలేదురా" అంది.

"ఆఁ?"

"నేను ఎప్పుడూ మునగలేదు. నన్నూ పిలిచాడు. నీకంటే చాలా ముందు పిలిచాడు. రేపు రమ్మన్నాను."

ఇస్త్రీ తమ్ముడు ఆమెని పైనుంచి కిందికి చూశాడు.

"మరి ఇన్నేళ్ళూ ఈ నీళ్ళలో ఏం చేస్తున్నావక్కా?"

ఎవరో నవ్వారు. దాంతో ఇంకొకరు. అమ్మమ్మకే నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, ఏది ఏదో ఎవరికీ తేల్చుకునే వీలు లేకుండా. ఆ నవ్వుల్లోనే అతను మిగతా మెట్లు దిగేశాడు. "సరే, నేను వెళ్ళొస్తాను. ఏముందో చూసి చెబుతా" అన్నాడు. నమ్ముతున్నానని వీధి చివరిదాకా వినపడేలా చెప్పాడు. మునిగాడు, లేచాడు, ముక్కులోకి నీళ్ళు పోయి తుమ్మాడు.

"రావచ్చు" అన్నాడు ఆమెతో.

అప్పుడు అమ్మమ్మ చేసిన పని చూడాలి. గబగబా మెట్లెక్కి పక్కగదిలోకి పారిపోయింది. పారిపోలేదని ఆమె అంటుంది. అంగీ లేకుండా ఎవరినీ నీళ్ళలో ముంచనివ్వకూడదన్న కట్టడి పెట్టింది తనే కదా, తనకి మాత్రం మినహాయింపు ఎలా ఉంటుంది? బీరువా తెరిచింది. అన్నీ తను కుట్టినవే. లావుపాటివాళ్ళకి, పొడుగువాళ్ళకి, పదహారేళ్ళ బక్కపిల్లలకి. తన కొలతకి ఒక్కటీ లేదు. చేతికందింది తొడుక్కుంటే అంచు జానెడు నేల మీద పడింది. అప్పటికి బయట ఒక పాట పూర్తై మళ్ళీ మొదటికి వచ్చింది. అమ్మమ్మ గోడకి గుచ్చి ఉన్న సూది తీసింది. దారం ఎక్కించింది.

కూతురు లోపలికి వచ్చేసరికి అమ్మమ్మ నేల మీద కూర్చుని అంచు మడిచి కుడుతోంది.

"ఒక్క నిమిషం. ఈ జానెడూ మడిచేస్తే అయిపోతుంది" అంది తలెత్తకుండా.

కూతురు గుమ్మంలోనే నిలబడింది. "అమ్మా, నన్ను ఆ నీళ్ళలోకి దింపింది నువ్వే కదా. ఏం కాదు, నేనున్నాను అన్నావు."

"అన్నాను."

"నువ్వు లేవన్నమాట."

సూది ఆగింది.

"మెట్టు దాకే ఉండేదాన్ని. అందరినీ ఆ మెట్టు దాకా తెచ్చేదాన్ని."

"ఎందుకమ్మా? ఎవరు వద్దన్నారు?"

"ఎవరూ వద్దనలేదు. ఆయన పిలిచినప్పుడల్లా చేతికి ఏదో ఒక పని తగిలేది. ఆయన ఇంటి పనే కదా, చేస్తూనే ఉన్నాను కదా అనుకున్నాను. పని చేసేవాళ్ళని ఎవరూ బయటికి పొమ్మనరు. కూర్చుంటేనే భయం. కూర్చుంటే ఇక ఆయన ముఖం చూడాలి కదే."

బయట పాట మూడోసారి మొదలైంది. జనం గొంతుల్లో ఓపిక తగ్గుతోంది. కూతురు వచ్చి వంగింది. అమ్మమ్మ చేతిలోంచి సూది లాక్కుంటుందనుకుంటే అది కాదు. సగం కుట్టిన అంచుని సూదితో సహా రెండు చేతుల్తో పైకెత్తి పట్టుకుంది.

"కుట్టకు. నేను పట్టుకుంటాను. నడువు."

అలా వచ్చింది అమ్మమ్మ, వెనక కూతురు అంచు మోస్తుంటే, సూదీ దారం వేలాడుతుంటే, గుడారంలోంచి తల బయట పెట్టినట్టు. ఆమెకి నవ్వే వీలు లేదు, మెట్లు చూసుకోవాలి. ఎన్నోసార్లు దిగిన మెట్లే, కాలు పెట్టడానికి జాగా కనిపించలేదు. నీళ్ళు ఎప్పటిలాగే నడుందాకా వచ్చాయి. పాస్టరుగారు బొబ్బలెక్కిన చెయ్యి ఆమె భుజం మీద వేసి అడిగారు.

"ప్రభువుని నమ్ముతున్నావా అమ్మా?"

అందరికీ అందించిన మాట. నిద్రలో అడిగినా చెప్పగలిగే మాట. అమ్మమ్మ నోరు తెరిచింది, అది రాలేదు. చెవిలో అందించే మనిషి నిలబడే చోట ఇప్పుడు ఎవరూ లేరు. నీళ్ళు గోడకి తగిలి తగిలి ఆగాయి. ఆమె పాస్టరుగారి ముఖంలోకి కాకుండా ఇంకెవరివైపో చూసింది. అలా చూడడం చాలాసేపు సాగింది.

"ఆలస్యం చేశాను" అంది. "వచ్చాను."

పాస్టరుగారు ఆ మాట చాలన్నారు. ఆమెని వెనక్కి వంచి తలదాకా ముంచారు. సీసపు గుండ్ల బరువుకి అంగీ ఒక్కసారి కిందికి లాగింది, కూతురు కంగారుగా చెయ్యి చాపింది. అంతలోనే అమ్మమ్మ దగ్గుతూ, జుట్టంతా ముఖానికి అంటుకుని పైకి వచ్చింది. ముందుగా అన్న మాట, "చెవిలోకి పోయాయి" అని.

ఇంటికి నడిచి వెళ్తుంటే ఇస్త్రీ తమ్ముడు వెంట వచ్చాడు. ఇద్దరి జుట్టులోంచీ నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఇక మీదట నన్ను అన్నయ్యా అను" అన్నాడు.

"ఎందుకట?"

"నేను ముందు మునిగాను. ఈ సంఘంలో నీకంటే పెద్దవాణ్ణి. అందరూ చూశారు."

"పావుగంట."

"అరగంట. నువ్వు లోపల కుట్టుకుంటూ కూర్చోలేదూ? పాట ఎన్నిసార్లు పాడామో మా గొంతుల్ని అడుగు."

అమ్మమ్మ జుట్టు పిండుకుంటూ నడిచింది. సందు మలుపు దగ్గర ఆగింది.

"వచ్చే ఆదివారం బల్ల ఉంది" అంది మెల్లగా. "రొట్టె ఎలా తీసుకోవాలో నాకు తెలియదు. ఎప్పుడూ దగ్గరుండి చూడలేదు."

"నాకు మాత్రం తెలుసా? పక్కపక్కన కూర్చుందాం. తప్పు చేస్తే ఇద్దరం చేద్దాం."

"మధ్యలో నాకు లేవాలనిపిస్తే?"

"అనిపిస్తుంది. నిన్ను నేనెరగనా? నువ్వు గోడవైపు కూర్చో, దారివైపు నేను కూర్చుంటాను. నువ్వు లేవాలంటే ఈ పొట్ట దాటాలి."

అమ్మమ్మ అతని పొట్టని కొలత తీస్తున్నట్టు చూసింది. చెవిలోంచి నీళ్ళు పోవడానికి తల ఒకవైపుకి వంచి రెండుసార్లు దులిపింది.

"సరే" అంది. "గోడవైపే కూర్చుంటాను."